సూదిపోట్ల కాగితం

నా చిన్నప్పుడు, పోలీసు చర్య పేరుతో భారత సైన్యం ఊళ్లోకి వచ్చిన వారం, రెజిమెంటల్ బజార్‌లో మా గల్లీ తలుపులన్నీ సగమే తెరుచుకునేవి. నాకు తొమ్మిదేళ్లు. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు. చూసిందల్లా నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ వారం రాసినవన్నీ అనుమానాలే: ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరి పొయ్యి వెలగలేదు.

పక్కింట్లో ఒక ముస్లిం తాత ఉండేవాడు. దర్గాలకూ హవేలీలకూ పింగాణీ పలకల మీద నీలిరంగు పూలు వేయడం ఆయన పని. ఒక పొద్దున గాలికి ఆయన పెరట్లోంచి ఒక కాగితం ఎగిరివచ్చి మా వాకిట్లో పడింది. దాని మీద అక్షరం లేదు. వందల సూదిపోట్లు మాత్రం ఉన్నాయి. ఎండకు పట్టి చూస్తే వంకర దారులు, దారుల చివర గుంపులుగా చుక్కలు. అడిగితే ఆయనే చెప్పేవాడు. అడగలేక, 'పక్కింటి తాత దగ్గర రహస్య పటం ఉంది' అని రాసి, మా చిన్నాయనకు చూపించాను.

"గిది కంటోన్మెంటు నక్షనే. గీ చుక్కలు పటాలం ఉండే జాగలు," అంటూ చిన్నాయన చెప్పులు వేసుకున్నాడు. గల్లీ చివర ఉన్న మిలిటరీ వాళ్లకు ఇస్తానన్నాడు. ముందురోజే వాళ్లు వెనకవీధిలో ఒకాయనను లారీ ఎక్కించారు. ఆయన ఇంకా తిరిగి రాలేదు. నా రాత ఎంత దూరం పోబోతోందో అర్థమైంది. నోటుపుస్తకం పట్టుకుని ఆయన వెనకే వాకిట్లోకి పరిగెత్తాను.

మా నాయనమ్మ అప్పుడే వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆమె దగ్గర చిల్లుల రేకు ఒకటి ఉండేది. నేల మీద పరిచి పిండి చల్లితే చిల్లుల్లోంచి కింద తామరపువ్వు పడేది.

"జెర ఆగురా. ఇటియ్యి," అని ఆమె కాగితం తీసుకుని వెనక్కి తిప్పింది. "మసి సూడు. నా రేకుకు పిండి అంటినట్టే అంటింది."

నేను రాసిన పేజీ మీదే ఆ కాగితం పరిచి, పాతగుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో మెల్లగా అద్దింది. ఎత్తి చూస్తే నా వాక్యం మీద ఒక పువ్వు. దీపపు మంటలాంటి మొగ్గ, దానికి అటూ ఇటూ కత్తుల్లా వంగిన ఆకులు.

"ఇసొంటి పువ్వు ఈడ యాడ పూస్తది? ఇందుల ఇంకేదో ఉంది," అన్నాడు చిన్నాయన.

"నోరు తెరిచి అడిగితే ఏం పోతది?" అంటూ నాయనమ్మ నన్నే కాగితంతో పంపింది.

తాత తలుపు కొద్దిగా తెరిచి, నా వెనక ఎవరున్నారోనని చూశాడు. నేను నేలచూపులతోనే అడిగాను.

"పలక మీదికి పువ్వు దించే అచ్చు బిడ్డా. తుర్కీ పువ్వు. ఆకుల వంపు ఇరాన్‌ది. మా ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ ఇచ్చిండు. మేమెవ్వరం చెట్టు మీద సూడలే. ఈడ పలక మీదనే పూస్తది," అన్నాడు.

చిన్నాయన మిలిటరీ వాళ్ల దగ్గరికి పోలేదు కానీ, చాలా రోజులు తాత ఇంటి గోడవైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. బొగ్గుపువ్వు దాదాపు రాలిపోయింది. కింద నా వాక్యమే స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరి గురించైనా ఏదైనా రాయబోయే ముందు దాన్ని ఒకసారి చదువుతాను. తర్వాత కలం మూసి, బెరుగ్గానే, వెళ్లి వాళ్ల తలుపు తడతాను.