గోడలను నమ్మని క్లిఫర్డ్

బర్న్లీ ఊళ్లో క్లిఫర్డ్ ఎంట్విసిల్ నమ్మే గోడ ఒక్కటీ లేదు. పుట్టగానే మంత్రసానిని కూడా అనుమానంగానే చూసి ఉంటాడని వాళ్లక్క ఎగతాళి చేసేది. ఇళ్లకు కరెంటు పని చేస్తూ జుట్టు నెరిసినవాడు మరి! తోటి పనివాడు నెడ్ ఒక ఇంట్లో పటం తగిలించబోయి, గోడలో అడ్డదిడ్డంగా పోయిన వైరులోకి డ్రిల్లు దింపి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ క్లిఫర్డ్‌ది ఒకటే పాట: "వైరు ప్లగ్గునుంచి నిటారుగా పైకో కిందికో పోవాలి, లేదా తిన్నగా పక్కకు పోవాలి. ఐమూలగా లాగినవాడు హంతకుడే!" ప్లగ్గు తీసేసినా, వైరు గోడలో ఉన్నంతకాలం దాని చోట తెల్ల మూత బిగించి ఉంచాలి. ఆ మూతను చూస్తేనే తర్వాతివాడికి వైరు దారి తెలుస్తుంది.

మేనకోడలు హేజెల్ ఒక పాత ఇల్లు కొనుక్కుంది. ఆమె భర్త గారెత్ ఆ శనివారం వంటింట్లో అల్మరాలు బిగిస్తాడని తెలిసి క్లిఫర్డ్ పిలవకుండానే ఊడిపడ్డాడు. టీ కూడా ముట్టకుండా అల్మరాలు బిగించబోయే గోడంతా తడిమాడు. కరెంటు పొయ్యి ఇప్పుడు కిటికీ పక్కనుంది, కానీ నేల మీద పాత పొయ్యి కాళ్ల గుర్తులు ఈ గోడ కిందే ఉన్నాయి.

"పొయ్యి ఇక్కడుండేది. మరి దాని వైరేదీ?"

"తీసేసుంటార్లెండి మావయ్యగారూ," అన్నాడు గారెత్.

"తీసేసుంటారట, తీసేసుంటారు! నెడ్ కూడా అలాగే అనుకున్నాడు. మీరెవరైనా ఈ గోడని ముట్టుకున్నారా?"

"లేదు మావయ్యా," అంది హేజెల్, కెటిల్ వైపు తిరిగి.

అయితే ఆ హావర్త్ ముసలాడి పనే! ఇల్లు అమ్మింది అతనే. వైర్లన్నీ తన చేత్తోనే వేసుకున్నానని గొప్పలు పోయిన ఘనుడు. క్లిఫర్డ్ ఇంటి కరెంటు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తానొచ్చేదాకా గోడ జోలికి పోవద్దని గారెత్‌కి చెప్పి, వానలోనే పక్క వీధికి నడిచాడు.

"పాత పొయ్యి వైరు గోడలోనే వదిలేశావా?" అని గుమ్మంలోనే నిలదీశాడు.

"వదిలేశాను. కప్పునుంచి తిన్నగా దిగుతుంది, చివర తెల్ల మూత బిగించాను," అన్నాడు హావర్త్.

"అబద్ధాలకోరు! అక్కడ మూతా లేదు, నీ మొహమూ లేదు!"

ముసలాయన మొహం కందగడ్డలా అయింది. "నా గుమ్మంలోకొచ్చి నన్నే అంటావా? పోయిన నా భార్య మీద ఒట్టు, నా చేత్తో బిగించాను. పీకిందెవరో మీవాళ్లనే అడుక్కో, పో!" అని తలుపు వేసేశాడు.

హేజెల్ కెటిల్ వైపు తిరిగి జవాబిచ్చిన సంగతి క్లిఫర్డ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. పరుగులాంటి నడకతో తిరిగొచ్చేసరికి లోపల డ్రిల్లు చప్పుడు. బ్యాటరీ డ్రిల్లుకి మెయిన్ ఆగితే ఏంటి, ఆగకపోతే ఏంటి? "ఆపరా!" అంటూ లోపలికి పడ్డాడు. గారెత్ అప్పుడే డ్రిల్లు బయటికి లాగాడు. దాని కొసకి రాగి తీగ ముక్క మెరుస్తోంది.

"కరెంటు లేదు కదా అని..." గారెత్ నసిగాడు.

హేజెల్ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "నేనే పీకేశాను మావయ్యా. చూడ్డానికి అసహ్యంగా ఉందని ఆ మూత తీసేసి, కన్నం పూడ్చి రంగేశాను."

"ఇందాక అడిగాను కదే!"

"చెబితే ఊరుకుంటావా? క్రిస్మస్‌కి బల్బు నేనే మార్చానంటే చుట్టాలందరి ముందూ కడిగి పారేశావు. ఆ తర్వాత ఎలాగూ మెయిన్ ఆపావు కదా అని నోరు మూసుకున్నా."

"ఆపకపోయి ఉంటే?"

హేజెల్ భోరుమంది. "చెప్పేదాన్నేమో... ఏమో, నాకే తెలీదు మావయ్యా. నీ నోరంటే అంత భయం నాకు."

క్లిఫర్డ్ కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఎవరూ ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో అడిగాడు.

"ఇంకేమైనా పీకారా అమ్మా? అరవను. చెప్పండి."

మొగుడూ పెళ్లాం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"పైన పడగ్గదిలో..." అని మొదలుపెట్టింది హేజెల్. క్లిఫర్డ్ పళ్లు బిగబట్టి, తలూపుతూ విన్నాడు.