ఎండల్లో బిగిసే తలుపు

కాలువలు కట్టేసిన వారానికల్లా మా ఊళ్లో ఒక వాసన లేస్తుంది. ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం పైన బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపేస్తారు. కాలువ అడుగున మిగిలిన బురద, దాని మీద వాడిపోయిన గుర్రపుడెక్క, ఎటూ పోలేక చచ్చిన చిన్నచేపలు అన్నీ కలిసి ఎండకు ఉడుకుతాయి. అమలాపురంలో బస్సు దిగిన పైఊరివాళ్లు ముక్కు మూసుకుంటారు. ఊళ్లోవాళ్లకు అలవాటైపోయింది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కాలు ఒకచోట నిలవదు. ఆఫీసులో పని సగంలో వదిలేసి, స్కూటీ తీసుకుని గట్టు వెంట పోతాను. ఏ ఇల్లు ఎటు ఒరిగింది, ఏ ప్రహరీకి కొత్త బీట పడింది అని చూసుకుంటూ పోతాను. "ఊరి గోడలన్నీ నీకే అప్పజెప్పేరా?" అని మా ఆయన వేళాకోళం చేస్తారు. చేయనివ్వండి. కట్టడాల బలాబలాలు లెక్కగట్టడం నా వృత్తి, నిజమే. కానీ ఈ కుదురులేనితనం నాకు ఇంజనీరింగు కాలేజీలో అబ్బింది కాదు. అది రూతు టీచరుగారి దగ్గర అంటుకుంది. ఆవిడ మాకు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు.

రూతు టీచరుగారు చిన్న మనిషి. గంజి పెట్టిన నేతచీర కట్టుకుని, క్లాసులోకి అడుగు పెడుతూనే ప్రశ్న వేసేవారు. జవాబు వస్తే మరో ప్రశ్న, రాకపోతే ఇంకో ప్రశ్న. ఆవిడ పాఠం అయ్యేసరికి మాకు ఏదో అర్థమైనట్టూ ఉండేది, ఉన్నది కాస్తా పోయినట్టూ ఉండేది. ఒకరోజు ఎర్ర ఉల్లిపాయ తెచ్చి, పైపొర సన్నగా ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. బడి మొత్తానికీ అదొక్కటే, వరసలో నిలబడి చూడాలి. కణాలు ఇటుకలు పేర్చినట్టు నిండుగా కనిపించాయి. ఆవిడ ఒక చుక్క ఉప్పునీళ్లు వేశారు. చూస్తుండగానే ప్రతి కణంలోనూ లోపలి సరుకంతా ముడుచుకుపోయి, గోడను వదిలేసి మధ్యకు చేరింది.

"ఇప్పుడు ఏం పాడయ్యింది, మణీ?" అని నన్నడిగారు.

"గోడండి."

"గోడ చెక్కు చెదరలేదు. సరిగా చూడు."

"అయితే లోపలి పొరండి."

"అదీ చిరగలేదు." ఉప్పునీళ్లు అద్ది తీసేసి మంచినీళ్లు వేశారు. ముడుచుకున్నదల్లా మెల్లగా విచ్చుకుని మళ్లీ గోడకు ఆనింది. "చూసేవా? ఏదీ పాడవలేదు. లోపలి నీళ్లు బయటికి నెట్టాలి, గోడ లోపలికి ఒత్తాలి. ఆ రెండూ అలా నెట్టుకుంటేనే ఆకు నిలబడుద్ది. ఒకటి మానేసిందంటే వాలిపోద్ది."

"అత్తాకోడళ్లలాగన్నమాటండి" అంది వెనక బెంచీలోంచి ఎవరో. టీచరుగారు అందరికంటే గట్టిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు దొరికితే మనసు కుదుటపడుతుంది. ఏదీ పాడవకుండానే చెట్టు వాలిపోతుందంటే ఇక దేన్ని నమ్మాలి? ఇంటికి వెళ్లి అమ్మ వంటింట్లోని ఉల్లిపాయలన్నీ ఒలిచిపెట్టి చీవాట్లు తిన్నాను.

మరోసారి గుండె కణాల గురించి చెప్పారు. గుండెలోంచి తీసి గాజుపళ్లెంలో విడివిడిగా ఉంచితే ఏ కణానికి ఆ కణం తన ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటుందట. అవి పెరిగి ఒకదానికొకటి తగిలాయంటే కాసేపటికి అన్నీ ఒకే తాళం మీద కొట్టుకుంటాయట. "ఆ తాళం ఏ కణంలో ఉంది?" అని అడిగి, గంట కొట్టేస్తే జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. అంత కోపం నాకు ఏ టీచరు మీదా రాలేదు.

పది పాసయ్యాక నేను లెక్కల వైపు వెళ్తానన్నాను. ఆవిడ ఆటో కట్టించుకుని ఓడలరేవు దగ్గర మా ఇంటికి వచ్చారు. మా నాన్న అప్పటికి పడవ మానేసి రొయ్యల చెరువుల్లో దిగాడు. టీచరుగారు ఇంటికి వచ్చారని కుర్చీ వేసి, తను నిలబడే మాట్లాడాడు. "దీనికి నా సబ్జెక్టు ఒంటబట్టిందండి. సిమెంటు బస్తాల మధ్యకి పంపిస్తారా?" అని ఆవిడ. "దాని ఇష్టమండి, మనం చెప్తే వినేదా అండి అది" అని మా నాన్న. నేను వినలేదు. ఆవిడ కొబ్బరిబొండం కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇంజనీరింగు రెండో ఏడు సెలవుల్లో భయపడుతూనే చూడటానికి వెళితే, తలుపు తీస్తూనే "ఏం నేర్పుతున్నారక్కడ?" అన్నారు. నాలుగు స్తంభాల్లో ఒకదాన్ని మరీ గట్టిగా కడితే మిగతావాటి బరువు కూడా అదే లాక్కుంటుందని చెప్పాను.

"గట్టిగా ఉందని బరువు దాని మీదే పడుద్దా?"

"ఆయ్, అంతేనండి. ఎంత బిగుసుకుని నిలబడితే అంత మీదేసుకుంటదండి."

"అచ్చం మా నాన్నగారే" అని నవ్వారు. "అయితే నువ్వు నా దగ్గర్నించి ఎక్కడికీ పోలేదన్నమాట" అంటూ అన్నం పెట్టారు.

ఆ నాన్నగారు కూలికి వెళ్లే ఇంట్లో పుట్టి, మిషనరీ బడిలో చదువుకుని, వాళ్ల పేటలో మొట్టమొదట మాస్టారైన మనిషి. కొత్తపేట దగ్గర కాలువ గట్టున ఆయన కట్టిన ఇల్లే ఆ పేటలో మొదటి పక్కా ఇల్లు. రిటైరయ్యాక టీచరుగారు ఆ ఇంటి మీద మేడ వేసి, చదువుకునే ఆడపిల్లలకు చిన్న హాస్టలు పెట్టారు. మేడమెట్లకు చోటు చాలక, వెనక గట్టు మీద ఉన్న కొబ్బరిచెట్ల వరుస కొట్టించారు. నేను ఉద్యోగం మారి అమలాపురం వచ్చేసరికి ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఒక ఎండాకాలం, కాలువ ఎండి ఉన్న రోజుల్లో, ఆవిడను చూడటానికి వెళ్లాను. పిల్లలు మేడ మీద ప్రవేశ పరీక్షలకు చదువుకుంటున్నారు. పెరటివైపు నుంచి వాసన వస్తోందని తలుపు వేయబోతే అది పడలేదు. భుజంతో తోసినా గడియ తన చిల్లులోకి వెళ్లలేదు.

"అది ఎండల్లో బిగుసుద్దండి" అన్నారు టీచరుగారి తమ్ముడు జాన్‌బాబుగారు. "వడ్రంగిని పిలిచి ఏటా చిత్రిక పట్టిస్తూనే ఉన్నామండి."

కోనసీమలో పుట్టిన ఎవరికైనా తెలుసు, చెమ్మకు చెక్క ఉబ్బి తలుపులు బిగిసేది వానాకాలంలో. ఎండల్లో వదులవ్వాలి. ఈ తలుపు ఎండల్లో బిగుస్తోందంటే చెక్క ఉబ్బలేదు, చుట్టూ ఉన్న ఇల్లే కదిలింది. ఇంట్లోవాళ్లు ఏటా తలుపును చెక్కించుకుంటూ వచ్చారు.

స్తంభాలు చూశాను, దూలాలు చూశాను, శ్లాబు చూశాను. సుత్తితో తట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. గట్టు దిగి, కాలువ అడుగున నిలబడి ఇంటివైపు చూశాను. అప్పుడు కూడా ఏదీ చెడిపోయినట్టు కనిపించలేదు. కానీ ఆ మెత్తటి నల్లమట్టి గట్టు ఇన్నాళ్లూ కాలువ నీళ్లకు ఆనుకుని నిలబడింది. ఎండల్లో నీళ్లు పోతే కొబ్బరివేళ్లు పట్టుకునేవి. ఇప్పుడు వేళ్లు లేవు, పైన మేడ బరువు పెరిగింది, నీళ్లు తీసేశారు. పైకి వచ్చి, పిల్లల్ని ఇవాళే ఖాళీ చేయించమన్నాను.

జాన్‌బాబుగారు మర్యాద తప్పకుండానే విసుక్కున్నారు. "కాలువ ఏటా కడతారు గదండి. మేడేసి ఏళ్లయ్యింది, చెట్లు కొట్టీ ఏళ్లయ్యింది. స్తంభాలు బాగున్నాయని మీరే అంటున్నారు, శ్లాబు బాగుందని మీరే అంటున్నారు. మరింక ఏం బాగోలేదండీ?"

టీచరుగారి వైపు తిరిగి, "మీకు తెలుసు గదండి. ఉల్లిపొరలో కూడా ఏదీ పాడవలేదు గదండి" అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా పాఠం నాకే చెప్పకు. ఉల్లిపొరకి మా నాన్నగారి చెమట అంటలేదు. పరీక్షల ముందు ఈ పిల్లల్ని ఎక్కడికి తోలెయ్యమంటావు? ఏది పాడయ్యిందో చూపించు, అప్పుడు మాట్లాడు."

మజ్జిగ గ్లాసు అలాగే వదిలేసి వచ్చేశాను. ఆ రోజంతా లెక్కలు వేశాను. మట్టికి కాస్త బలముందనుకుంటే ఇల్లు నిలుస్తోంది, కాస్త తక్కువనుకుంటే జారిపోతోంది. ఆ కాస్తలో ఏది నిజమో తేల్చే దారి లేదు. ఫోను తీసి, ఏం చెప్పాలో తెలియక మళ్లీ పెట్టేసేదాన్ని. మేడ మీద పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న తీరు కళ్లముందు నుంచి పోలేదు. పోలీసులకు చెప్తే నవ్వుతారు, పంచాయతీకి చెప్తే నోటీసు తయారయ్యేసరికి కాలువకు నీళ్లొచ్చేస్తాయి.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి టీచరుగారు మెట్ల మీద ఉన్నారు. మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

"నీకొకటి చెప్పలేదు. ఆ తలుపుంది చూడు, వానాకాలంలో దాని పైసందులోంచి జల్లు కొడతది. ఊళ్లో తలుపులన్నీ బిగుసుకుంటే మాదానికి సందు. పాతచీర ముక్క కుక్కుతున్నాను. కాలువకి నీళ్లొదిలేక గడియ కూడా దానంతటదే పడుద్ది." ఊపిరి తీసుకున్నారు. "నువ్వెళ్లిపోయేక గుర్తొచ్చిందని చెబ్దామనుకున్నాను. కాదమ్మా, నువ్వక్కడ ఉండగానే గుర్తొచ్చింది. నోరు రాలేదు."

ఆవిడ ఆ మాట చెప్పకపోతే నా చేతిలో ఏమీ లేదు. అది ఆవిడకూ తెలుసు. ఎవరూ అడగని సాక్ష్యం, తన తండ్రి ఇంటికి వ్యతిరేకంగా, తనే మోసుకొచ్చారు. నాకు ఏడుపొచ్చింది.

"అంటే ఇల్లు నీళ్లతో పాటు కదులుతోంది" అన్నారు.

"ఆయ్, అవునండి."

"పిల్లల్ని చర్చి హాల్లోకి పంపించేసే వచ్చేను. ఇల్లు నిలబడాలంటే ఏం చెయ్యాలి?"

"మేడ దించెయ్యాలండి. గట్టు జారకుండా సరుగుడు దుంగలు దిగ్గొట్టాలి. ముందు మేడ బరువు తియ్యాలండి."

ఆవిడ తిరుగు బస్సుకు బయల్దేరుతూ, "మేస్త్రీని నువ్వే చూడు. మాకు తెలిసినవాళ్లయితే చెయ్యి ఆడదు" అన్నారు.

మేడ దించుతుంటే పేటంతా వచ్చి చూసింది. జాన్‌బాబుగారు మాత్రం రాలేదు. నేను పని చెప్పేసి, గట్టువైపు చూడాలన్న వంకతో తప్పుకోబోయాను. టీచరుగారు చెయ్యి పట్టుకున్నారు. "ఎక్కడికి? నువ్వు చెప్పిన పనేగా. ఇక్కడ నిలబడి చూడు." పక్కనే నిలబడ్డాను. ఇటుకలు పోయాయి, సిమెంటు రాలింది, స్తంభాల ఇనుప చువ్వలు బయటపడ్డాయి. అవి చూసి ఆవిడ అన్నారు, "ఈ చువ్వలు మా నాన్నగారు వదిలినవి. మేడ వెయ్యడానికి చాలక, పైకి అలా వదిలేసి, 'మా రూతు వేస్తది' అని అందరికీ చెప్పుకునేవారు. తుప్పట్టకుండా ఏటా తనే నిచ్చెనెక్కి తారు పూసేవారు."

"నా మాట తప్పయితే ఎలాగండి?" అన్నాను.

"తప్పయితే ఇద్దరిదీ తప్పు. ముందు చూడు."

మేస్త్రీ పైనుంచి కేకేశాడు. "చువ్వలు ఉంచెయ్యమంటారా, కోసెయ్యమంటారా అండీ?"

ఉంచితే ఎప్పటికైనా ఎవరో ఒకరు మళ్లీ మేడ వేస్తారు. టీచరుగారు నా ముఖంలోకి చూశారు. "కోసెయ్యండి" అన్నాను. ఒక్కో చువ్వ తెగి కింద పడుతుంటే ఆవిడ పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకున్నారో, వాళ్ల నాన్నగారితో మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

తర్వాత కాలువకు నీళ్లొచ్చాయి. ఇల్లు నిలిచింది, ఇవాళ్టికీ ఉంది. పెరటివైపు గోడ మార్చినప్పుడు ఆ తలుపూ పోయింది కాబట్టి అడగడానికి సాక్షి కూడా లేదు. ఇంజనీరమ్మ ఉత్తిపుణ్యానికి మేడ కూలగొట్టించిందని జాన్‌బాబుగారు ఇప్పటికీ అంటారట. కాదని రుజువు చేయలేను. పడని ఇల్లు ఎందుకు పడలేదో ఎవరికీ చెప్పదు. టీచరుగారు ఉన్నన్నాళ్లూ కింది గదుల్లో కొద్దిమంది పిల్లల్ని పెట్టుకుని చదివించారు, ఆ మేడ ఊసు నా దగ్గర మళ్లీ ఎత్తలేదు. పోయినేడు ఆవిడ పోయారు. నేను ఆనాడు పొరబడ్డానో లేదో తెలియకుండానే సమాధి దగ్గర మట్టి వేసి వచ్చాను.

ఇప్పటికీ ఎవరి గోడనైనా, ఎవరి మేడనైనా తీసేయమని చెప్పాల్సి వస్తుంది. చెప్పిన చోటికల్లా పని మొదలయ్యే రోజున వెళతాను. "ఎండలో మీకెందుకండీ, కార్లో కూర్చోండి" అంటారు మేస్త్రీలు. ఆ ఇంటివాళ్ల పక్కన నిలబడతాను. వాళ్లలో ఎవరో ఒకరు, ఎక్కువగా ముసలివాళ్లే, తల తిప్పి నా ముఖంలోకి చూస్తారు. పారిపోవాలనిపిస్తుంది. చూపు మాత్రం తిప్పుకోను.