ఇటుక రంగు తెర

మాస్టారు పోయారన్న కబురు నాకు రైల్లో అందింది. గుడివాడ నుంచి బందరు వెళ్ళే పొద్దుటి పాసింజరు అప్పుడే గుడ్లవల్లేరు దాటింది. ఒళ్ళో దిద్దాల్సిన పేపర్ల కట్ట. ఫోన్ చేసింది మా కాలేజీ పక్క సందులో నెట్ సెంటర్ నడిపే బావగారు. ఆయన నాకేమీ బావ కారు. ఊళ్ళో సగం మందికి ఆయన బావే.

"అమ్మాయ్, పెడనలో దిగిపో. బందరు దాకా రాకు," అన్నారు.

ఎందుకని అడగలేదు. మాస్టారి ఇల్లు పెడనలో. నెల రోజులుగా ఆయన మంచం మీదే ఉన్నారు.

ఏడుపు రాలేదు. అలసటలాంటిదేదో వచ్చింది. ఆయన గురించి నలుగురికీ చెప్పాల్సిన నిజం ఒకటి పదేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. ఆయన బతికుండగా, ఆయన వింటుండగా చెబుతాననే అనుకున్నాను. వచ్చే నెల, పరీక్షలయ్యాక, ఆయన రిటైరయ్యే రోజున. ఆ రోజూ వచ్చింది, వెళ్ళింది. పేపర్ల కట్ట సంచిలో పెట్టుకుని పెడనలో దిగాను.

ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కారు. మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. క్లాసు ఒక్కటీ తీసుకోకపోయినా పిల్లల దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ గారి దాకా అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్ళు. నేను ఏడాదికేడాది కాంట్రాక్టు మీద లెక్చరర్‌గా చేరినప్పుడు నాకు పుస్తకాల్లో ఉన్నది తెలుసు. మిషన్ ఎందుకు మొరాయిస్తుందో తెలియదు. అది ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేర్పుతున్నట్టు ఉండేది కాదు. "ఇక్కడొకసారి చూడండమ్మా, నాకు సరిగ్గా అర్థం కావట్లేదు," అని పిలిచేవారు. ఆయనకు అర్థం కాకపోవడమేమిటని చాలా రోజులకు గానీ నాకు తట్టలేదు.

పొద్దున పెడనలో రైలెక్కేవారు. నేను కిటికీ పక్క సీటు మీద సంచి పెట్టి ఉంచేదాన్ని. ల్యాబ్ తలుపు తీయగానే అరిగిపోయిన కలంకారీ గుడ్డ ముక్కతో తెరలన్నీ తుడిచేవారు. ఇంకో అలవాటు ఉండేది. మిషన్‌లోంచి ఏదైనా తుడిచేసే ఆదేశం టైపు చేశాక వెంటనే ఎంటర్ నొక్కేవారు కాదు. కుడిచెయ్యి కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. రాసింది మొదటి నుంచి చివరి దాకా చదువుకునేవారు. అప్పుడు మళ్ళీ చెయ్యి ఎత్తి నొక్కేవారు. ఒక్క ఫైలు తుడవడానికి ఇంత పూజేమిటని నాకు విసుగ్గా ఉండేది.

శనివారాలు నాలుగింటికి ల్యాబ్ తాళం వేశాక ముగ్గురం కాలేజీ ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర చేరేవాళ్ళం. మాస్టారు, బావగారు, నేను. కంప్యూటర్ నడపడానికి లినక్స్ మంచిదా, విండోస్ మంచిదా అనే మా మాటలు వింటే ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా అని ఎవరికైనా నవ్వొస్తుంది. బడ్డీ అతనికి వచ్చేది కూడా.

"లినక్స్ అంటే సొంతిల్లు కట్టుకున్నట్టండీ. ఏ గోడ ఎక్కడుందో మనకు తెలుస్తుంది," అనేవారు మాస్టారు.

"నా సెంటర్‌కి వచ్చేవాళ్ళకి గోడలెందుకు మాస్టారూ, హాల్‌టికెట్ వస్తే చాలు. విండోస్ ఉంటే వాళ్ళే కూర్చుని వాళ్ళే లేచిపోతారు. మీది పెడితే పక్కన మీరొచ్చి నిలబడాలి."

"పిలవండి, వస్తాను."

"వస్తారు, మళ్ళీ సాయంత్రం దాకా కదలరు. నా కుర్చీ ఒకటి పోయినట్టే!"

అసలు గొడవ రంగుల దగ్గర. బొమ్మలూ బటన్లూ లేకుండా ఒట్టి ఆదేశాలు టైపు చేసే తెరను టెర్మినల్ అంటారు. దాని వెనక రంగు, అక్షరాల రంగు ఎవరిష్టం వాళ్ళది. బావగారికి నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు ఉండాలి. "అది లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్నట్టే ఉండదు," అనేవారు. నాకు కాగితంలా తెల్లగా ఉండాలి. మాస్టారిది మా ఇద్దరికీ అర్థంకాని పద్ధతి. ఒక్కో మిషన్‌కి ఒక్కో రంగు. తన బల్ల మీద దానికి నీలిమందు రంగు. పిల్లలవాటికి నలుపు. లోపలి గదిలో పెద్ద మిషన్ ఒకటి ఉంది, పిల్లల ప్రాజెక్టులన్నీ అందులోనే ఉండేవి. మాస్టారి బల్ల దగ్గర కూర్చునే దానితో పని చేయించవచ్చు. అలా దానిలోకి వెళ్ళే విండో మాత్రం ముదురు ఇటుక రంగులో తెరుచుకునేది.

"మాస్టారూ, ఇది కంప్యూటరా, కలంకారీ దుప్పటా?" అన్నాను ఒకసారి.

ఆయన నవ్వారు. "మా నాన్న చేత అచ్చులేయించినా ఇలాగే వేసేవాడమ్మా."

వాళ్ళ నాన్నగారు బట్టల మీద అచ్చులు వేసేవారు. ఆ రోజు టీ చల్లారిపోయేదాకా ఆ సంగతే చెప్పారు. "ఎరుపు రావాలంటే ముందు పటిక నీళ్ళతో అచ్చు వెయ్యాలి. తర్వాత రంగునిచ్చే చెట్టు వేళ్ళు వేసి ఉడకబెడితే పటిక పడ్డచోటే ఎరుపు పడుతుంది. కానీ పటిక నీళ్ళకి రంగుండదు కదా. ఎక్కడ వేశామో, ఎక్కడ వెయ్యలేదో కనపడదు. అందుకని మా నాన్న అందులో కాస్త ఎర్రమట్టి కలిపేవాడు. అది నిలిచే రంగు కాదు. కాలవలో జాడిస్తే మట్టి పోతుంది, పటిక ఉండిపోతుంది. చెయ్యి తప్పు చోట పడకుండా ఉండటానికి, అంతే. ఇదీ అలాంటిదేనమ్మా. ఈ రంగు కంటికి కాదు, చేతికి."

బాగుంది అన్నాను. ఒప్పుకోలేదు.

ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు ఆయన అవనిగడ్డలో చుట్టాల పెళ్ళికని శుక్రవారం, శనివారం సెలవు పెట్టారు. తన కుర్చీ నాకప్పగిస్తూ, "ఏదైనా మార్చుకోండి గానీ పెద్ద మిషన్ రంగు మార్చకండమ్మా," అని ఒక్క మాట చెప్పి వెళ్ళారు. ప్రతి శుక్రవారం పిల్లల పనంతా వేరే డిస్కులోకి ఎక్కించి పెట్టేవారు. ఆ శుక్రవారం ఆయన లేరు. నాకు ఆ సంగతే గుర్తు లేదు.

శనివారం సాయంత్రం బావగారు టీ తాగుతూ ఎగతాళి చేశారు. "మాస్టారు లేరుగా, ఆ ఎర్ర దుప్పటి తీసేసి ఒక్కరోజు తెల్లగా పెట్టి చూడు. ఆకాశం ఏమన్నా ఊడిపడుతుందేమో!" నేను లేచి వెళ్ళి మళ్ళీ తాళం తీశాను. రెండు విండోలూ తెల్లగా మార్చి ఫోటో తీసి తెచ్చి చూపించాను. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

సోమవారం పొద్దున మాస్టారు ఇంకా రాలేదు. ఆయన బల్ల మీది మిషన్‌లో నా పాత పాఠాల ఫోల్డరు ఖాళీ చేద్దామనుకున్నాను. రెండు తెల్ల విండోలు పక్కపక్కన ఉన్నాయి. అక్కడ తెరిచి ఉన్న ఫోల్డరంతా తుడిచెయ్యమని ఒకదానిలో టైపు చేసి నొక్కాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకోలేదు. ఎంతకీ పూర్తి కాకపోతే అప్పుడు చూశాను. అది పెద్ద మిషన్. ఆపేసరికి మూడో సంవత్సరం పిల్లల ప్రాజెక్టులు పోయాయి. పాత డిస్కులో ఉన్నది అంతకుముందు శుక్రవారం నాటిది. తర్వాత పిల్లలు చేసిన పదిరోజుల పని ఎక్కడా లేదు.

మాస్టారు వచ్చి నా వెనక నిలబడ్డారు. తెర వంక చూశారు. తెల్లరంగు గురించి ఒక్కమాట అనలేదు.

"ఈ నెల మీ కాంట్రాక్టు కాగితాలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీదున్నాయి కదమ్మా?" అన్నారు.

"అవునండీ."

"లేవండి. నా కుర్చీ నాకివ్వండి."

ప్రిన్సిపాల్ గారి గదిలో నేనూ ఉన్నాను. "పెళ్ళింట్లో రాత్రంతా నిద్ర లేకుండా నేరుగా వచ్చానండీ. కళ్ళు మూతలు పడుతుంటే చూసుకోలేదు. నా చేతిలోనే జరిగింది," అన్నారు మాస్టారు. అప్పుడు నేను నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఆయన సర్వీసులో అదొక్కటే మెమో. అది నాది.

నాగాయలంక అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి ఒకతె ఆ క్లాసులో ఉండేది. దాని ప్రాజెక్టు దాదాపు మొత్తం ఆ పదిరోజుల్లో చేసిందే. ల్యాబ్‌లో అందరి ముందూ ఏడ్చేసింది. "జాగ్రత్త జాగ్రత్తని మాకు చెప్తారు. మీకుండక్కర్లేదా మాస్టారూ? మీకేం, జీతం వస్తుంది!" అంది.

"తప్పేనమ్మా," అన్నారాయన. "కూర్చో. నువ్వు గుర్తుచేసుకుని చెప్పు, టైపు నేను చేస్తాను."

మూడు రోజులు అలా కూర్చున్నారు, అది చెబుతూ, ఆయన టైపు చేస్తూ. పక్క బల్ల దగ్గర నేను మిగతా పిల్లలతో కూర్చున్నాను. అది చిరాకు పడ్డప్పుడల్లా ఆయన "ఊఁ, తర్వాత" అనేవారు. నాకు ఇప్పటికీ ఆ "ఊఁ, తర్వాత" వినిపిస్తుంది. పరీక్ష గట్టెక్కింది. నా కాంట్రాక్టు కూడా.

ఒకసారి రైల్లో చెప్పబోయాను. "మాస్టారూ, ఆ రోజు విషయం ప్రిన్సిపాల్ గారికి..."

"ఇప్పుడు ఏ రంగు పెట్టారమ్మా?" అని అడిగారు.

"ఇటుక రంగేనండీ."

"సరే అయితే," అని కిటికీలోంచి చేలవైపు చూస్తూ కూర్చున్నారు. అది క్షమించడమో, ఆ మాట ఇంక వద్దనడమో నాకు అప్పుడు తేలలేదు. ఇప్పుడూ తేలలేదు. నాకు వీలుగా ఉన్న అర్థమే నేను తీసుకున్నాను.

తర్వాత ప్రతి శనివారం బావగారు వదిలేవారు కాదు. "మిషన్‌కో రంగు పెట్టుకుని కూడా తుడిచేశారు చూడండి! అదే పచ్చ అక్షరాలైతే..." మాస్టారు నవ్వి గ్లాసు కడిగిచ్చేవారు. నేనూ నవ్వేదాన్ని. శనివారాలు ఎన్ని గడిచాయో. ఆ నవ్వు నవ్వీ నవ్వీ నాకు విసుగొచ్చింది. అయినా మానలేదు.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళందరూ ఆ కథే ప్రేమగా చెప్పారు. అంత జాగ్రత్త గల మనిషి కూడా ఒక్కసారి పొరబడ్డారని, ఎంత హుందాగా ఒప్పుకున్నారని. నన్ను పిలిచారు. వెళ్ళాను. ఆయన ఎప్పుడూ ఆలస్యంగా రాలేదని చెప్పి వచ్చి కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాగాయలంక అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు అవనిగడ్డలో బడిపిల్లలకు కంప్యూటర్ చెబుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. "మరి నేను ఆయన్నన్న మాట ఇప్పుడెవరి దగ్గర వెనక్కి తీసుకోవాలి మేడం?" అంది.

బావగారికి బడ్డీ దగ్గరే చెప్పాను. గ్లాసు కింద పెట్టేశారు. "ఎగదోసింది నేనే అనుకో. కానీ అన్నేళ్ళూ పక్కనే నిలబడి టీ తాగుతూ విన్నావు కదమ్మాయ్," అన్నారు. బడ్డీ మీద మా రెండు గ్లాసులే. మూడో గ్లాసు లేదు.

మాస్టారిని ఎరిగినవాళ్ళందరూ ఇది చదవాలని రాస్తున్నాను. పిల్లల పని తుడిచేసింది ఆయన కాదు, నేను. ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం కూడా రాసిచ్చాను, దాన్ని ఆయన ఫైల్లో ఆ మెమో పక్కనే ఉంచమని. ఆయన చేతి కింద ఒక్క ఫైలు కూడా పొరపాటున పోలేదు. ఇలా రాయడం ఆయన రుణం తీర్చుకోవడమా, నా బరువు దించుకోవడమా అని అడిగితే చెప్పలేను. రెండోదే ఎక్కువేమో.

మొన్న ఆదివారం పెడన వెళ్ళాను. మాస్టారి తమ్ముడుగారు ఇంకా అచ్చులు వేస్తున్నారు. కర్మలయ్యాక ఆ రోజే మళ్ళీ పని మొదలుపెట్టారట. అచ్చు వేసి ఆరిన బట్టను కాలవకు తీసుకెళ్తుంటే వెంట వెళ్ళాను. బట్ట నిండా లేత ఎర్రటి పూలు, తీగలు. ఆయన మోకాలి లోతు నీళ్ళలో దిగి బట్టను వదిలారు. పారే నీళ్ళలో ఎర్రమట్టి సన్నగా విడివడి వంతెన కిందికి సాగిపోయింది. పూలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి తెల్లబట్ట తేలింది, దాని మీద ఎప్పుడూ ఎవరూ చెయ్యి పెట్టనట్టు. ఆయన దాన్ని పిండలేదు. రెండు చేతుల మీద పరుచుకుని, ఎక్కడేముందో తెలిసినవాడిలా మెల్లగా ఒడ్డుకు నడిచి వచ్చారు. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.