కాపలా అక్కర్లేదన్న కంపైలర్

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ ఫ్యోర్డ్ నడిమధ్యకు పడవ వచ్చాక కూడా అతను చేతిలోని స్వేలెను కొరకలేదు. వెన్న, పంచదార పెట్టి మడిచిన ఆ మందపాటి అట్టును చల్లారనిచ్చేవాణ్ణి పడవల్లో నేనెన్నడూ చూడలేదు. బెంచీలు ఖాళీగా ఉండగా పరాయివాడి పక్కన కూర్చోవడం ఇక్కడ మర్యాద కాదు. కానీ కొండలకు సొరంగాలు తొలిచేకొద్దీ పడవలు తగ్గుతున్నాయి, మాట కలిపే చోట్లూ తగ్గుతున్నాయి. అందుకని కూర్చున్నాను.

పేరు ఎయిలెర్ట్ ట్వైటెన్. ప్రోగ్రాములు రాస్తాడు. అవతలి ఒడ్డున చేపలు పెంచే రాగ్నవాల్డ్ అనే అతని తొట్లకు గాలి ఊదే పంపులు అతని ప్రోగ్రాముతోనే నడిచేవి. చలికాలంలో ఒక పంపు మొరాయించింది, ప్రోగ్రామే ఆగిపోయింది, సాల్మన్ పిల్లలన్నీ వెల్లకిలా తేలాయి.

“పంపు మొరాయిస్తే ప్రోగ్రాములో కేక పుడుతుంది పెద్దాయనా. ఎక్సెప్షన్ అంటాం. ఆ కేక అందుకుని రెండో పంపు తిప్పడానికి నేను కాపలా రాశాను.”

“మరింకేం?”

“కంపైలర్ ఒప్పుకోలేదు. మేం రాసింది సరిచూసి యంత్రానికి అప్పగించేది అదే. ‘ఇక్కడ ఎవరూ కేక వెయ్యరు, ఈ కాపలా తీస్తేగానీ కదలను’ అని కూర్చుంది. తీసేశాను. తీరా కేక పుట్టాక అందుకునేవాడు లేక ప్రోగ్రామే ఆగిపోయింది.”

వాళ్ల రాతలో ప్రతి వస్తువుకూ వంశం ఉంటుందట. ఆ రాతలో మొరాయించిన పంపు తండ్రి వైపు నుంచి ‘కేక వెయ్యను’ అన్న మాట తెచ్చుకుంది, తల్లి వైపు నుంచి కేక వేసే గుణం తెచ్చుకుంది. రెండూ పొసగవని పట్టుకోవలసిన కంపైలర్ తండ్రి వైపు మాత్రం చూసి ఊరుకుంది. మన పెళ్లిళ్ల పేరయ్యలు అంతకన్నా నయం.

“నిన్న కంపైలర్ వాళ్లు ఫోన్ చేసి తప్పు తమదేనన్నారు. రాగ్నవాల్డ్‌కి చెప్పాలి. బడిలో ఒకే బెంచీ మాది. ఇప్పుడు నా మొహం చూడట్లేదు.”

“చెప్పు మరి. నీ తప్పు లేదుగా.”

ఒడ్డు దాకా ఆగనక్కర్లేకపోయింది. కింద బళ్ల అంతస్తు నుంచి రాగ్నవాల్డ్ కాఫీ కోసం మెట్లెక్కి వచ్చి కప్పు నింపుకున్నాడు.

“తప్పు కంపైలర్‌దేనట్రా!” ఎయిలెర్ట్ లేచి నిలబడ్డాడు. “వాళ్లే ఒప్పుకున్నారు.”

“సంతోషం. వెళ్లి చేపలకు చెప్పు.”

“నేను కాపలా పెట్టానురా!”

రాగ్నవాల్డ్ కప్పు కింద పెట్టాడు. “పెట్టావా? అంటే పంపు ఆగొచ్చని నీకు ముందే తెలుసన్నమాట.”

“తెలుసు.”

“మరి తీసిందెవరు?”

“నేనే. అది తియ్యమంది.”

“నీకు తట్టలేదనుకున్నానురా. పోనీలే, ఎవరికైనా తట్టదు అని సగం క్షమించేశాను కూడా.”

పడవ రేవుకు తగిలింది. ఎయిలెర్ట్ స్వేలెను బెంచీ మీద పెట్టాడు. కొరకనేలేదు. ఆ ఒడ్డున అతనికి ఇక పనేమీ లేదు. అయినా వస్తానని మా ఇద్దరిలో ఎవరితోనూ అనకుండా మెట్లు దిగి, బళ్ల మధ్య నుంచి వానలోకి నడిచి వెళ్లిపోయాడు.