పడిపోని మూర్ఛ

డెబ్బైల్లో పుంగనూరులో మా పక్కింట్లో ఒక మామ ఉండేవాడు. ఆయనకు మూర్ఛ వస్తే కట్టెలా బిగుసుకుని పడి, కాళ్లూ చేతులూ కొట్టుకునేవాడు. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవారు. మూర్ఛ అంటే మాకు తెలిసింది అదొక్కటే.

మా చెల్లెలు పడేది కాదు. ఎక్కాలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. చూపు నిలిచిపోయి, రెప్పలు టపటపలాడేవి. అంతలోనే తేరుకుని ఏమీ జరగనట్టు చూసేది. పంతులు దాన్ని పరాకు అన్నాడు, బెత్తంతో కొట్టాడు. తలకెక్కని పిల్లను బడి మాన్పించమని ఇంటికి కబురు పెట్టాడు. నాయన సరేనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పరాకులో ఉన్నవాళ్లు గిల్లితే కెవ్వుమంటారు, ఇది ఎంత గిల్లినా ఉలకదు పలకదు.

అవ్వకు మాత్రం అనుమానం వచ్చి, చెల్లెలు ఆగినప్పుడల్లా చేతిలో తాళంచెవులు పెట్టేది. అది వెంటనే తేరుకునేది. అంతా తన హస్తవాసేనని అవ్వ మురిసిపోయింది. నేను ఒకసారి వంకాయ పెట్టి చూశాను. అప్పుడూ తేరుకుంది. అవ్వ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

నా పోరు పడలేక నాయన మమ్మల్ని మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. పడదు, నురగ రాదు, మూర్ఛయితే కాదని ఆమెకు తేల్చి చెప్పేశాడు. నేను ముందుకు దూరి, చెల్లెలు ఎలా ఆగిపోతుందో చేసి చూపించాను. ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఆపకుండా గట్టిగా ఊదమని చెల్లెలికి చెప్పింది. కాసేపు కాగితం రెపరెపలాడింది. ఉన్నట్టుండి ఆగింది. చెల్లెలి చూపు నిలిచిపోయింది. నాయన పిలిచాడు, పలకలేదు.

"సూడు నాయనా" అన్నాను. గెలిచినంత సంబరమైంది నాకు.

అలా గట్టిగా ఊదిస్తే ఇది బయటపడుతుందని, కొందరు పడి కొట్టుకుంటారని, కొందరికి ఒక చెయ్యే అదురుతుందని, కొందరికి ఇలా కాసేపు తెలివి మాత్రమే ఆగుతుందని, అన్నీ మూర్ఛలేనని చెప్పి డాక్టరమ్మ మాత్రలు రాసింది. తాళంచెవులతో పనిలేదు, దానంతట అదే ఆగుతుందంది.

ఆడపిల్ల సంగతి, బయటికి పొక్కనీయొద్దని అవ్వ నాయనను బతిమాలింది. మరుసటి రోజు పొద్దున నాయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. పిల్లలందరూ చూస్తుండగా తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా బిడ్డకు పరాకు లేదు సార్. మూర్ఛ ఉండాది. మాత్రలు మింగతా ఉండాది. ఈడే సదువుకుంటాది."

ఇంట్లో గుసగుసగా అనే మాటను నాయన అంత గట్టిగా అనేసరికి గర్వంతో నాకు ఏడుపొచ్చింది. పంతులు బెత్తం బల్ల మీద పెట్టేశాడు. చెల్లెలు వెళ్లి ముందు వరుసలో కూర్చుంది.