మారుతి చేను, నర్సయ్య సార్ మాట

మొన్న ముసురులో పెరటి కంచె మీది తీగను సర్దుతుంటే వేలికి ఏదో పెళుసుగా తగిలింది. తీగ కొసను కాళ్లతో కరచుకుని చచ్చిన మిడత. తడి ఆకుల వాసనలో నర్సయ్య సార్ గుర్తుకొచ్చారు.

బోథ్ దగ్గర నేను వ్యవసాయ శాఖలో గ్రామసేవకుడిగా చేరిన కొత్తలో, మంథని నుంచి వచ్చిన నర్సయ్య సార్ మా వ్యవసాయ అధికారి. ఆ వానకాలం జొన్నచేల మీద మిడతలు పడ్డాయి. మా దగ్గరున్న మందు పొడి అన్ని చేలకూ చాలదు. మారుతి అనే రైతు చేలో మాత్రం మిడతలు జొన్నకర్రల కొసలకెక్కి, అలాగే పట్టుకుని చచ్చి ఉన్నాయి. సార్ ఒకదాన్ని విరిచారు. లోపలంతా బూడిదలాంటి బూజు.

"గిది బూజురోగం. ముసురుంటే మిగిలినవాటికీ అంటుకుంటది. నువ్వు జర ఆగు మారుతీ. ఉన్న మందు పొడి రోగం రాని చేలకిద్దాం."

"ముసురు పోతే సార్?" అన్నాడు మారుతి.

"పోతే కష్టమే," అన్నారు సార్.

తెల్లవారేసరికి ఎండ కాసింది. మందు పొడి ముందురోజే మిగతా చేలకు పంచేశాం. సార్ అన్నం ముందు నుంచి లేచిపోయి ఆకాశం చూసేవారు. నన్ను మాటిమాటికీ చేనుకు పంపేవారు. "కొత్తగ చచ్చినయా?" "లేదు సార్." మళ్లీ మబ్బు పట్టి మిడతలు చావడం మొదలయ్యేసరికి సగం చేను మోడైంది.

"ఎండ కాస్తే మనమేం చేస్తం సార్?" అన్నాను.

"ఆగుమన్నది నేను గదా. ఎండ మీదికి తోసెయ్యాల్నా?" అంటూ సార్ చెప్పులేసుకున్నారు.

మారుతి వాకిట్లో మంచం వాల్చినా సార్ కూర్చోలేదు. "నా మాట విన్నందుకు నీ చేను సగం పోయింది. నా అంచనా తప్పింది," అన్నారు.

"కోపమున్నది సార్. గని మీరొస్తరనుకోలే," అన్నాడు మారుతి.

చలికాలపు యాసంగి పంటకు శనగ విత్తనాల కోసం సార్ ఊరూరా తిరిగి, వాటిని మారుతికి తానే తెచ్చిచ్చారు.

తర్వాత నేనూ అధికారినయ్యాను. నా అంచనా కూడా కొన్నిసార్లు తప్పింది. నష్టపోయినవాడి ఇంటికి వెళ్తుంటే ప్రతిసారీ తిరిగిపోదామనిపించింది. ఆ రోజు చెప్పులేసుకున్న సార్ గుర్తొచ్చి వెనక్కి మాత్రం తిరగలేకపోయాను.