చివరి చరణం దాకా మోయగల గిటారు

కొత్త తీగలు బిగించిన రోజు ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా వేళ్ళకు ఆ ఇనుము వాసన వదలదు. మొన్న శనివారం నా బాస్ గిటారుకు తీగలు మార్చి అన్నానికి కూర్చుంటే ముద్దలో కూడా అదే వాసన. "కొత్త బిందె కడిగినట్టుందే" అని సువార్తమ్మ టీచరుగారు విజయవాడ షాపులో గిటారును ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చెప్పిన మాట గుర్తొచ్చి, ముద్ద చేతిలో ఉండగానే నవ్వొచ్చింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడను ఎరగని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలంటే ఆ షాపులో మొదలుపెట్టాలి. కాకపోతే షాపు దాకా ఎందుకు వెళ్ళామో ముందు చెప్పకపోతే కుదరదు.

మాది హనుమాన్ జంక్షన్‌కు దగ్గర్లో చిన్న ఊరు. టీచరుగారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మనిషి పొట్టి, గొంతు పొడుగు అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. పాస్టరుగారు పాట నంబరు చెప్పగానే వాయిద్యాల కోసం ఎవరూ ఆగరు. ముందు వరుసలోంచి టీచరుగారు తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటారు, జనం అందుకుంటారు, కీబోర్డూ తబలా గిటార్లూ వాళ్ళ వెనక పరుగెత్తాలి. చరణాలు వదలడమన్నది కూడా మా దగ్గర లేదు. కానుకల సంచి వెనక వరుస దాకా చేరకపోతే చివరి చరణం మళ్ళీ పాడతారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒకాయన ఒకసారి మొదటి చరణం, చివరి చరణం చాలన్నారు. జనం వినయంగా తలలూపి, అన్నీ పాడేశారు.

డిగ్రీ చదివే రోజుల్లో ఆ వాయిద్యాల వరుసలో బాస్ నాది. బాస్ అంటే నాలుగు లావుపాటి తీగల గిటారు. పాట వరుసను అది పలకదు, కింద ఉండి మోస్తుంది. నా మొదటి బాస్ ఎవరో బ్యాండు మానేస్తే నాన్న అడిగి తెచ్చింది. నేను దాన్ని వాయించడం కన్నా అది నన్ను వాయించడమే ఎక్కువ. చాలా బరువు, మెడ నా చేతికి మించిన పొడుగు. రెండో చరణానికల్లా ఎడమ భుజం లాగేసేది, మూడో చరణంలో నా వాయింపు జనం కన్నా వెనకబడేది. సంఘపెద్ద దానియేలుగారు మంచివారే. ఒక ఆదివారం దగ్గరకు పిలిచి, "బాస్ కూడా కీబోర్డులోనే వస్తుందంటమ్మా. గుడ్‌ఫ్రైడే దాకా చూద్దాం. కుదరకపోతే నువ్వు హాయిగా ఆడవాళ్ళతో కూర్చుని పాడుకో" అన్నారు. నాన్నేమో, "ఇంకొకటి కొనిస్తా. అదే ఆఖరు. అది కూడా సరిపడకపోతే ఇక ఆ మాటెత్తకు" అన్నాడు.

నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషిని నేను. ఆ తీగల వెనక నిలబడినప్పుడు మాత్రమే ఆ నలుగురిలో నేనూ ఒకదాన్నని అనిపించేది. తప్పు గిటారు కొన్నానంటే ఆ చోటు పోతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. సంగతి తెలిసి టీచరుగారు, "నేనూ వస్తానే షాపుకి" అన్నారు.

"మీకు గిటార్ల గురించి తెలుసాండీ?"

"తెలీదు. తెలిసిన నువ్వు ఏడుస్తూ కూర్చున్నావు కదా, తెలియనిదాన్ని ఒకదాన్ని తోడు తీసుకెళ్ళు."

బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. గవర్నర్‌పేటలోని ఆ షాపులో అడుగు పెట్టగానే నా కళ్ళు ఒక నీలం రంగు గిటారు మీద పడ్డాయి. దానికి అయిదు తీగలు. అద్దంలా మెరుస్తోంది. దాన్ని తగిలించుకుంటే దానియేలుగారు ఇక కీబోర్డు ఊసెత్తరని నా నమ్మకం. షాపాయన దానికి స్పీకరు వైరు కలపబోతుంటే టీచరుగారు ఆపారు.

"ఆ వైర్లు తర్వాత బాబూ. ముందు దాన్ని తగిలించుకుని నిలబడనియ్యి. నేను పాడతా."

"ఇక్కడాండీ?" అన్నాడాయన.

"మరి ఇంటికెళ్ళాక పాడితే ఏం లాభం?"

చెప్పులు ఓ పక్కన విడిచి, కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని ఆవిడ ఎత్తుకున్నారు. తబలా బేరమాడుతున్న వాళ్ళు అలాగే నిలబడిపోయారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అయినా శ్రుతి వెతుక్కుని వాయించాను. ఆవిడ మాత్రం సిగ్గూ తొందరా లేకుండా చర్చిలో లాగే చరణం తర్వాత చరణం పాడుకుంటూ పోయారు. మధ్యలో కళ్ళు తెరిచి చూసింది నా వేళ్ళ వంక కాదు, భుజం వంక. మూడో చరణానికి నీలం గిటారు మెడ కిందికి వాలిపోతోంది. ఎడమచేత్తో తీగలు నొక్కాలా, దాన్ని లేపి పట్టుకోవాలా తెలియడం లేదు.

"తీసెయ్యవే. పన్ను పీకించుకునేదానిలా ఉంది నీ మొహం" అన్నారు పాట ఆపి.

ఇంకో రెండు చూశాం. రెండిటికీ అదే పాట, అన్ని చరణాలూ. చివరికి షాపాయన సందేహిస్తూ గోధుమరంగుది ఒకటి దించాడు. "ఇది పొట్టి మెడదండీ. ధరలో మధ్యరకం. వస్తువు గట్టిదే కానీ చిన్నపిల్లలది అనుకుని కొందరు నామోషీ పడతారు" అన్నాడు. నేనూ పడ్డాను. నీలం దాన్ని చూసిన కళ్ళతో దీన్ని చూడలేకపోయాను.

"పొట్టిదైతే ఏంటంట?" అన్నారు టీచరుగారు. "నేనూ పొట్టిదాన్నే. నన్నెవరన్నా చిన్నపిల్లని ఆడించినట్టు ఆడించారా ఇన్నేళ్ళలో?"

తగిలించుకున్నాను. అది నా ఒంటిని కౌగిలించుకున్నట్టు కుదురుకుంది. చివరి చరణం అయిపోయింది, ఆవిడ అలవాటు కొద్దీ దాన్ని మళ్ళీ పాడారు, నా భుజం గుర్తుకే రాలేదు. అప్పుడు వైరు కలపమన్నారు. షాపాయన ఉత్సాహంగా సౌండు పెంచేసరికి అద్దాలు అదిరాయి.

"తగ్గించు నాయనా, నేను అరవాల్సొస్తోంది" అని, నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "ప్రశాంతీ, నువ్వు నాకు వినపడక్కర్లేదమ్మా. నాకు నేను వినపడాలి. నువ్వు ఆగిపోతే మాత్రం నాకు తెలియాలి. ఆ మాత్రం పెట్టించుకో."

గుడ్‌ఫ్రైడే నాడు మా చర్చిలో ఆరాధన మధ్యాహ్నం దాటి సాగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, మధ్యమధ్య పాటలు, పైన రేకుల వేడి. నేను విన్యాసాలన్నీ మానేసి, టీచరుగారి గొంతు ఎక్కడుంటే దాని కింద ఉన్నాను. అయిపోయాక దానియేలుగారు చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఇవాళ పాటలు బ్రహ్మాండంగా కుదిరాయి. అదేంటమ్మా, నువ్వు వాయించలేదా? నాకసలు వినపళ్ళేదే" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

టీచరుగారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "దానియేలూ, ఆ పిల్ల వాయించకపోయుంటే నీకీపాటికి గొంతు పోయుండేదయ్యా. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఆయన నిజంగానే ఆలోచించుకున్నట్టున్నారు. కీబోర్డు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు విజయవాడలో ల్యాబు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఊరికి వెళ్ళి ఆ గిటారే తగిలించుకుంటాను. దానికన్నా ఖరీదైనవి కొనగలను, కొనాలనిపించలేదు. పనిలో కూడా నన్నెవరూ గమనించలేదని బాధపడే రోజులు తక్కువ. రక్తపరీక్షకు వచ్చిన ముసలావిడ భయం తగ్గి మామూలుగా ఊపిరి పీల్చుకుంటే నా పని అయిందనుకుంటాను. ఇది నాకు నేర్పింది ఆవిడే. బతికుండగా ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా. "ఇంత పొగడ్త తట్టుకోలేను గానీ, మొన్న రెండో పాటలో తొందరపడ్డావు" అన్నారు.

ఆవిడను సాగనంపిన తర్వాతి ఆదివారం పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. ఎవరూ ఎత్తుకోలేదు. ముందు వరుస వంక చూడలేక అందరూ పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు. కీబోర్డు అబ్బాయి వేళ్ళు పైకి లేపి అలాగే ఆగిపోయాడు. మా చర్చిలో వాయిద్యం ముందు పలకదు. నేనూ ఆగాను. ఎవరో ఒకరు ఎత్తుకుంటారని చాలాసేపు చూశాను. చివరికి వినపడిన గొంతు నాదే. సన్నగా వణికింది, శ్రుతి ఏ తీగకూ అందని చోట పడింది. అయినా వెనక వరుసల్లోంచి ఒకరు అందుకున్నారు, తర్వాత అందరూ. ఆ రోజు నేను బాస్ వాయించలేదు. దాన్ని ఒంటి మీద అలాగే వేలాడనిచ్చి, చేతులు ఖాళీగా పెట్టుకుని, అన్ని చరణాలూ పాడాను.